పన్నెండో హీట్

"నీళ్లొద్దు! పానీ మత్ డాలో! ఇసుక వెయ్యండి!"

పైపు లాక్కొస్తున్న కూలీని మాలతి పక్కకు తోసేసింది. ఉర్లా పారిశ్రామికవాడలోని ఆ ఉక్కు కర్మాగారంలో ఫర్నేస్ పేలి నాలుగు నిమిషాలైంది. కరిగిన ఇనుము ప్లాట్‌ఫాం మీదుగా ఎర్రగా పారుతోంది. ఫర్నేస్‌లోకి స్క్రాప్ వేసే దుకాలు అనే కూలీని అప్పుడే జీపులో పడుకోబెట్టారు. అతని చేతులు రెండూ కాలిపోయాయి.

ఉదయం ఎనిమిదిన్నరకు మంటలు ఆరాయి. షిఫ్ట్ ఇన్‌చార్జి గిరిధర్ ఒక కాగితం తెచ్చి మాలతి ముందుంచాడు.

"దుకాలు చూసుకోకుండా తడి స్క్రాప్ వేశాడు. సేఫ్టీ ఆఫీసర్‌గా నువ్వో సంతకం పెడితే పనైపోతుంది."

"మొహమ్మీద మసి కడుక్కోడానికి టైం లేదు గానీ, రిపోర్ట్ రాయడానికి దొరికిందా?"

"అరే, మధ్యాహ్నం పోలీసులొస్తారు. ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా!"

సంతకం పడితే కేసు దుకాలు మీదే. నష్టపరిహారమూ రాదు.

గిరిధర్ తొందర ఎందుకో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ప్లాంట్ మేనేజర్ కుర్చీ ఖాళీగా ఉంది. ఒకసారి ఫర్నేస్ నింపి, కరిగించి, పోస్తే ఒక హీట్. ఒక్క షిఫ్టులో పదకొండుకు మించి ఎవరూ తీయలేదు. పన్నెండు తీసినవాడికే కుర్చీ అని యజమాని అన్నాడు. పేలింది పన్నెండో హీట్‌లో.

మాలతి సంతకం పెట్టకుండా కాగితం తీసుకుని యార్డుకు వెళ్లింది. అక్కడి పద్ధతి ఒకటే. తడి ముక్క కరిగిన ఇనుములో పడితే పేలుతుంది కనుక, తడిసిన స్క్రాప్ ఒకరోజంతా షెడ్డులో ఆరాలి. ఆరిందని చూసుకున్నాక యార్డు మేస్త్రీ అచ్చయ్య దాని మీద సున్నం గీత వేస్తాడు. గీత ఉన్నదాన్నే దుకాలు ఎత్తుతాడు.

పన్నెండో హీట్‌కు ఎత్తిన కుప్పలో ఇంకా సగం ఆరుబయటే ఉంది. ముక్కల సందుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. పైన సున్నం గీతలు మాత్రం చెక్కుచెదరలేదు. రాత్రంతా కురిసిన వాన ఆరింటికి ఆగింది. అంతకుముందు వేసిన గీతలైతే ఎప్పుడో కొట్టుకుపోవాలి.

ఆమె అచ్చయ్యను పిలిచింది. వెనకాలే గిరిధర్ కూడా వచ్చాడు.

"ఈ గీతలు ఎప్పుడేశావ్?"

"నిన్ననే ఏసినాను మేడమ్."

"నిన్నటి సున్నం వానలో నిలుస్తుందా? ఎవరిని వెర్రిదాన్ని చేస్తున్నావ్?"

అచ్చయ్య సున్నం అంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆలోచించుకుని మాట్లాడు అచ్చయ్యా," అన్నాడు గిరిధర్. "నీ ఫోర్‌మన్ ప్రమోషన్ కాగితం నా టేబుల్ మీదే ఉంది."

పదహారేళ్లుగా అచ్చయ్య ఎదురుచూస్తున్న కాగితం అది.

"దుకాలుకు వేళ్లు దక్కవని ఆసుపత్రిలో అంటున్నారు," అంది మాలతి. "తప్పు కూడా అతనిదేనని ఈ కాగితంలో ఉంది. చదవమంటావా?"

"ఆడికేటి తెల్సు మేడమ్? నా గీతను నమ్మి ఎత్తినాడు," అన్నాడు అచ్చయ్య. "తెల్లారి ఆడి డబ్బాలో చీలా అట్టు సగం నాకే పెట్టినాడు."

"బస్, చాల్లే!" గిరిధర్ అతని భుజం పట్టుకున్నాడు.

అచ్చయ్య ఆ చేతిని విదిలించుకున్నాడు.

"గీతలు ఏసింది నేను. వాన ఆగినాక ఏసినాను. పన్నెండో హీట్‌కు ఆరిన సరుకు సాల్లేదు. ఫోర్‌మన్ని సేస్తానని ఆశపెట్టి ఏయించింది ఈయనే, గిరిధర్ సార్."