బలం గోలీలు

దీక్షా శిబిరంలో తమ తండా వంతు వచ్చిందని తెలిసినప్పటి నుంచి ప్రేమ్‌సింగ్‌కు కాలు నిలవలేదు. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, బడుల్లేవు. మరిపెడ సెంటర్లో వేసిన టెంటు కింద రోజుకో ఊరివాళ్లు కూర్చుని పొద్దంతా పస్తుంటున్నారు. సాయంత్రం నిమ్మరసం తాగించి లేపుతారు.

“మనోళ్లు కూసోలేరట. పగటీలికే లేచి సారా తొవ్వ పడతరట. దుకాండ్ల కాడ నవ్వుకుంటున్నరు,” అన్నాడు పొద్దున్నే తలపాగా చుట్టుకుంటూ. “ఇయ్యాల సూపెడ్త.”

కూతురు సుమన అద్దం ముందు జడ వేసుకుంటోంది. హన్మకొండలో బీఫార్మసీ చదువుతోంది. తండాలో అంత చదువు ముట్టిన మొదటి పిల్ల. సమ్మెకు కాలేజీ మూతపడి ఇంటికి వస్తూ, షుగరుతో నీరసించిన తండ్రి కోసం జిన్సెంగ్ గోలీల సీసా తెచ్చింది.

“కొరియా దిక్కు అడవుల్ల పెరిగే వేరు, బాపూ. దాంట్ల జిన్‌సెనోసైడ్లని ఉంటయి. అలుపు రానియ్యయి. నెత్తురుల చక్కెర గుడ తగ్గిస్తయి,” అని చెప్పింది వచ్చిన రోజునే. పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న జవాబే అది.

“ఇంకేం, నాకు రెండు తీర్ల మంచిదే,” అన్నాడు ప్రేమ్‌సింగ్. చదువుకున్న కూతురి చేతి మందని రోజూ ఒకటి కళ్లకద్దుకుని మింగుతున్నాడు.

“ఇయ్యాల బలం గోలీ రెండేస్కున్న బిడ్డా, పొద్దుందాక కూసోవాలె గద. షుగర్ గోలి గుడ ఏస్కున్న. డాక్టరు ఒక్కపూట మానద్దన్నడు,” అన్నాడు గడప దాటుతూ.

“మంచిగ చేసినవ్ తీ,” అంది సుమన, నోట్లో రబ్బరుబ్యాండు పట్టుకుని. ఆమె ధ్యాసంతా రోడ్డు మీద జరగబోయే వంటావార్పు మీద ఉంది.

ఖమ్మం రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి ఆడవాళ్లు వంట మొదలుపెట్టారు. సుమన తల్లి మోతీబాయి పెద్ద గంటెతో పప్పు కలుపుతోంది. అన్నాలు వడ్డించే వేళకు తండావాడే దస్రు వచ్చి చెవిలో చెప్పినట్టే చెప్పాడు గానీ, అందరికీ వినబడింది.

“వదినా, అన్న తాగొచ్చి కూసున్నడంటున్నరు. మాట ముద్దముద్దయితుంది. మైకు గుంజుకొని ఏందేందో తిట్టిండు. శిబిరం నడిపే చంద్రయ్య సారు దండ తీపిచ్చి లేపిండు. భిక్షపతి సేటు దుకాణమెన్క పండవెట్టినం. దిగినంక తోల్కపోదాం.”

మోతీబాయి గంటెను గిన్నెకేసి కొట్టింది. “పండనీ! నలుగుట్ల తల తీసేసిండు.”

“దీక్షోళ్లకు నిమ్మరసం పొద్దుగాలనే పోసిండ్రా ఏంది?” అంది పక్క పొయ్యి దగ్గరి ఆడమనిషి. నలుగురూ నవ్వారు.

సుమన ముఖం మండిపోయింది. తనకు సీటొచ్చిన ఏడాదే తండ్రి తాగుడు మానేశాడు. మళ్లీ ముట్టింది లేదు. అయినా ఆ మాట ఆమె నమ్మింది. పోయి చూద్దామనుకుంటే, టెంటు కాడ అందరి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తోచలేదు. అన్నం బకెట్టు తీసుకుని తలొంచుకుని ఒక బంతి వడ్డించింది. రెండో బంతీ వడ్డించింది. ఆ బంతిలో దస్రు కూర్చున్నాడు.

“ఏం చెమటలు బిడ్డా! అంగీ పిండితే నీళ్లు కారుతున్నయి,” అన్నాడు ముద్ద కలుపుతూ. “చేతులు గడగడ వణుకుతున్నయి. గింత తాగినోని కాడ వాసనైతే రాలే మరి.”

చెమట. వణుకు. తడబడే మాట. చక్కెర బొత్తిగా పడిపోయిన మనిషి తాగినవాడిలా ఉంటాడని పాఠంలో చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. బకెట్టు రోడ్డు మీద పడేసి పరుగెత్తింది.

దుకాణం వెనక రేకుల కింద, బెల్లం బస్తాల నడుమ ప్రేమ్‌సింగ్ పడి ఉన్నాడు. బస్తాల మీది ఈగలు అతని ముఖం మీదికీ వస్తున్నాయి. సుమన అతని నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. ఖాళీ కడుపు పులుపు తప్ప మరే వాసనా లేదు. పిలిచింది. పలకలేదు.

“పడుకోనీ తల్లీ, దిగుతది,” అన్నాడు భిక్షపతి గుమ్మంలోంచి.

“సేటూ, బెల్లం! జల్ది!”

“తండోళ్లకు బెల్లం అమ్మితే సారా కాసుటానికేనని పోలీసోళ్లు కేసు వెడ్తున్నరమ్మా...” అలవాటుగా అనేసి, ఆ పిల్ల చేతులు చూసి ఆగిపోయాడు. ఆమె అప్పటికే గోళ్లతో బస్తా చింపుతోంది. బెల్లం పొడి తడిచేసి తండ్రి చిగుళ్లకు రుద్దింది. పళ్లు గిట్టకరుచుకుని ఉన్నాయి. బెల్లంనీళ్లు పెదవి చివర నుంచి మెడ మీదికి కారాయి.

మానుకోట దవాఖానలో నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. ఏమేం మింగాడని డాక్టరు అడిగితే సుమన ఒక్కటీ దాచకుండా చెప్పింది.

“ఆ వేరు చక్కెరను కొంత దించుతది. షుగర్ గోలి ఇంకా దించుతది. దానికి తోడు పస్తు. అన్నీ ఒక్క దిక్కే గుంజినయి,” అన్నాడాయన. “మెదడుకు చానసేపు చక్కెర అందలే. పడ్డప్పుడే ఇంత చక్కెర నోట్లె వేస్తే సరిపోవు.”

పడ్డప్పుడు తాను అన్నం వడ్డిస్తోంది.

ప్రేమ్‌సింగ్ బతికాడు. సమ్మె ముగిసి బస్సులు తిరిగే నాటికి మంచంలో లేచి కూర్చోగలిగాడు గానీ, ఎవరినీ గుర్తుపట్టడు. చంద్రయ్య తండాకొచ్చి శాలువా కప్పి, “తాగినవనుకున్నం తమ్మీ, తప్పయింది,” అని కంటతడి పెట్టాడు. ప్రేమ్‌సింగ్ శాలువా అంచు దారాలు ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాడు.

ఆయన వెళ్లాక మోతీబాయి మొగుడికి గటక తినిపిస్తూ, గూట్లోని సీసా వైపు చూసింది.

“ఎంత నీరసమైపోయిండో సూడు. గా బలం గోలీలు ఇంక ఉన్నయి గద, ఒకటి వెయ్యరాదు బిడ్డా?”

“వద్దు యాడీ,” అని తల్లిని ఆపింది సుమన. “షుగర్ గోలితోని గవి పడయి. గవి గుడ కలిసే గిట్లయింది.”

మోతీబాయి చేతిలో ముద్ద ఆగింది.

“నీకు ఎరికేనా?”

“పుస్తకంల ఉండె.”

“మరి బాపుకు చెప్పకపోతివి?”

సుమన లేచి సీసాను గూట్లోంచి తీసేసింది. మోతీబాయి మొగుడి గడ్డం మీద కారిన గటక కొంగుతో తుడిచి, ఆ ముద్ద అతని నోటికి అందించింది. అతను తినిపిస్తున్నది ఎవరో తెలియకుండానే నోరు తెరిచాడు.