లేత్‌కీ కంప్యూటర్‌కీ మధ్య నేను

నేను ఒక కేబుల్ని. ఇలా అనగానే ఇంట్లో టీవీకి వచ్చే కేబుల్ అనుకుంటారు. ఆ సీరియళ్ళతో నాకేం సంబంధం లేదు. నేను రెండున్నర గజాల బూడిదరంగు తీగను. ఒక చివర ఇరవై అయిదు సూదులు, ఇంకో చివర తొమ్మిది చిల్లులు ఉంటాయి. ఒక పాత లేత్ మెషిన్ మాటను కంప్యూటర్‌కీ, కంప్యూటర్ మాటను ఆ మెషిన్‌కీ మోయడం నా ఉద్యోగం. దుబాసీ పని అన్నమాట. జీతం లేదు, సెలవు లేదు, ఎవరైనా తొక్కితే సారీ చెప్పే ఆచారం కూడా లేదు.

విజయవాడ గవర్నర్‌పేటలో రేడియోలు బాగుచేసే ఒక ఇరుకు కొట్లో నన్ను తయారుచేశారు. బజార్లో దొరికే కేబుల్ ఏదీ ఆ మెషిన్‌కి సరిపడక, సుబ్బారాయుడనే మెకానిక్ చేత చేయించారు. ఆయన బీడీ పక్కన పెట్టి, రెండో తీగను మూడో సూదికీ, మూడో తీగను రెండో సూదికీ అడ్డంగా అతికాడు. ఒకరి నోరు ఇంకొకరి చెవికి తగలాలి కదా. నోరూ నోరూ కలిపితే ఏమవుతుందో మనుషుల మధ్య చాలాసార్లు చూశాను.

అక్కణ్ణించి ఆటోనగర్‌లో పానకాలరావు గారి షెడ్డుకు వచ్చాను. అక్కడి లేత్ అంకెలు చెబితే వాటి ప్రకారం తనంతట తానే ఇనుమును చెక్కే రకం. చెరుకు మిల్లులకీ నీటి పంపులకీ షాఫ్టులు చేసేది. దాన్ని నడిపేవాడు సైదులు. ఒక్కో షాఫ్టుకీ ఒక్కో అంకెల చిట్టా, దాన్ని ప్రోగ్రామ్ అంటారు. అలాంటివి నలభై ఒకటి సైదులే తయారుచేశాడు. చదివింది ఏడో తరగతి. ఇంజనీర్లు వచ్చి అవి చూసి తలలూపి, తామే చెప్పినట్టు బయట చెప్పుకునేవాళ్ళు.

పాతికేళ్ళు సాఫీగా గడిచాయి. ఆ తర్వాత ఒక వానాకాలం పిడుగు పడి షెడ్డులోని పాత కంప్యూటర్ పోయింది. దానిలో దాచిన కాపీలన్నీ పోయాయి. మెషిన్ బుర్రలో ఉన్నవే మిగిలాయి. ఆ బుర్రను కాపాడేది లోపలున్న ఒక చిన్న బ్యాటరీ. కరెంటు ఉన్నంతసేపూ దాని అవసరం లేదు. కరెంటు తీసేస్తే మాత్రం బ్యాటరీయే దిక్కు. అలాంటిది దసరాకి వారం ముందు మెషిన్ మీద ఎర్ర దీపం వెలిగింది. బ్యాటరీ అయిపోయిందని అర్థం.

ఆ దీపం చూసిన రోజు నుంచి సైదులు మెషిన్‌ని ఆపలేదు. కొత్త బ్యాటరీ చెన్నై నుంచి పార్సిల్లో రావాలి. పండగ రద్దీలో అది ఎక్కడో ఇరుక్కుపోయింది. ఇంతలో ఆయుధ పూజ వచ్చిపడింది.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. పూజ నాడు మెషిన్లన్నిటికీ విశ్రాంతి. కిరసనాయిలుతో తుడిచి, గంధం బొట్లు పెట్టి, ముహూర్తానికి పానకాలరావు గారు స్వయంగా మెయిన్ స్విచ్ దించుతారు. మర్నాటి దాకా ఎవరూ ఎత్తకూడదు. ఏడాది పొడుగునా ఇరవై నాలుగ్గంటలూ తోలి, ఆ ఒక్కరోజు కుంకుమ పెట్టి దణ్ణం పెడతారు. మనుషుల భక్తికి నేనేం వంకపెట్టను.

పూజ నాటి పొద్దున్న సైదులు యజమాని ముందు నిలబడ్డాడు.

"ఈ ఒక్కదానికీ లైన్ ఉంచుదామండీ. ఆపితే లోపలున్నయ్యన్నీ పోతాయి."

"మిగతావన్నీ పడుకుంటే దీన్నొక్కదాన్ని నిలబెట్టి పూజ చేస్తానా? అచ్చిరాదు సైదులూ. పది నలభైకి ముహూర్తం. ఈలోపు నీ అంకెలు బయటికి తీసుకో. రాలేదనుకో, ఆ మెషిన్ తుక్కు కిందికే. దాంతో పాటు నీకూ ఇంటి దగ్గర విశ్రాంతే. ఇంకో మెషిన్ నీకు చేతకాదు, నాకు తెలుసు."

ఆ మాటలో అబద్ధం లేదు. సైదులికి ఆ మెషిన్ తప్ప ఇంకోటి తెలియదు.

కంప్యూటర్ల కంపెనీ నుంచి ప్రత్యూష అనే అమ్మాయి పల్చటి ల్యాప్‌టాప్ ఒకటి పట్టుకుని వచ్చింది. దానికి నా తొమ్మిది చిల్లులు పట్టే చోటే లేదు. బొటనవేలంత నీలం డబ్బీ ఒకటి తీసి మధ్యలో పెట్టింది. అంటే దుబాసీకి ఇంకో దుబాసీ. సైదులు మెషిన్ మీద మీట నొక్కాడు. తెర మీద ఏమీ రాలేదు. ఆమె వేగం మార్చింది, సెట్టింగులు మార్చింది, డబ్బీ ఊడదీసి మళ్ళీ పెట్టింది. గంట గడిచినా ఒక్క అంకె కదల్లేదు.

"మెషిన్ పోర్టే పోయినట్టుందండీ. నేను చెయ్యగలిగింది లేదు," అంది.

సంగతేమిటో నాకు తెలుసు. మా కాలంలో ఒక మర్యాద ఉండేది. మాట మొదలుపెట్టే ముందు 'చెప్పమంటారా?' అని అడగాలి, అవతలివాళ్ళు 'చెప్పండి' అనాలి. ప్రశ్నకో తీగ, జవాబుకో తీగ విడివిడిగా నాలో ఉన్నాయి. నీలం డబ్బీ చేసినవాళ్ళు అవి దండగనుకుని ఎత్తేశారు. మెషిన్ అడుగుతోంది, అవతల పలికే నాథుడు లేడు. ఇదంతా తెలిసినా పైకి చెప్పే నోరు నాకు లేదు. ఇన్నేళ్ళూ ఇతరుల మాటలే మోశాను. ఆ రోజు మాత్రం నిజంగా బాధపడ్డాను.

సైదులు మెషిన్ పక్కన చతికిలబడి నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మా, పాత కంప్యూటర్‌కయితే ముందో దీపం వెలిగేది. ఆ తర్వాతే అంకెలు పొయ్యేయి. ఆ దీపం ఏంటంటావు?"

ప్రత్యూష వంగి నా చివర చూసింది. "ఇది రెడీనా అని అడుగుద్దా?"

"అడగందే మాట్టాడదమ్మా."

ఆమె నా చివర తీగల అతుకుల్ని కప్పే టోపీ స్క్రూలు విప్పింది. టంకం వేసే ఇనుము తెప్పించి, మెషిన్ వైపు చివర ప్రశ్న తీగనీ జవాబు తీగనీ చిన్న ముక్కతో కలిపేసింది. ఇక మెషిన్ 'చెప్పమంటారా?' అని అడిగితే ఆ మాటే వెనక్కి తిరిగి దాని చెవిలో జవాబుగా పడుతుంది. అవతల ఎవరో వింటున్నారని అది నమ్ముతుంది. మోసమే, కానీ పని జరిగింది. పది అయిదుకి మొదటి ప్రోగ్రామ్ నాలోంచి దాటి తెర మీదికి వెళ్ళింది.

పంతులుగారు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. పానకాలరావు గారు స్విచ్ దగ్గర గడియారం చూసుకుంటున్నారు. సైదులు ఒక్కో నంబరూ పైకి చదువుతున్నాడు. పది ముప్ఫై ఎనిమిదికి, "నలభై ఒకటి," అని మెషిన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. స్విచ్ కిందికి దిగింది. మెషిన్ అన్నీ మరిచిపోయింది.

మూడో రోజు బ్యాటరీ వచ్చింది. ప్రోగ్రాములన్నీ మళ్ళీ నా ద్వారానే వెనక్కి పోశారు. సైదులు ఉద్యోగం నిలబడిందని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. కానీ పానకాలరావు గారికి ఒక ఆలోచన తట్టింది. అంకెలు ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉన్నాయి. కొత్త మెషిన్లు ఆ అంకెలే చదువుతాయట. ఇక ఈ ముసలి మెషినెందుకు, ఈ ముసలి మనిషెందుకు? ఉగాది నాటికి కొత్త లేత్ దిగింది. పాతదాన్ని లారీకెత్తి కరిగించడానికి పంపారు. సైదులికి శాలువా కప్పి, ఫొటో తీసి, ఇంటికి పంపారు. కొత్తదానికి గాల్లోంచే కబుర్లు అందుతాయి గనక నన్ను గోడ మేకుకి తగిలించారు.

కొత్త మెషిన్ మొదటి వారం పదకొండు షాఫ్టులు చెక్కింది, పదకొండూ తిరిగొచ్చాయి. మధ్యలో సన్నం, చివర లావు. కొత్త ఆపరేటర్ మెషిన్‌ని తిట్టాడు, మెషిన్ కంపెనీవాళ్ళు ప్రోగ్రాముల్ని తిట్టారు. పానకాలరావు గారు ప్రత్యూషని పిలిపించారు. ఆమె తెచ్చిన కాపీలో ఒక్క అంకె తేడా లేదు. దానికి నేను సాక్షిని. చివరికి కారు పంపి సైదుల్ని రప్పించారు.

సైదులు తెర వంక చూసి తాపీగా చెప్పాడు.

"ఇయ్యి తప్పులు కాదండీ. పాతదానికి ఉలి జరిగే పట్టాలు అరిగినయ్యి. అరిగిన చోటల్లా ఆ మేరకి నేను అంకె జరుపుకుంటా వచ్చా. వంకర మెషిన్‌కి వంకర అంకెలిస్తే షాఫ్టు తిన్నగా వచ్చేది. ఇదేమో తిన్నటి మెషిను."

"మరెట్టా ఇప్పుడు?" అన్నారు పానకాలరావు గారు.

"ఎక్కడెంత జరిపానో గుర్తుంది. ఒక్కోటీ వెనక్కి జరపాలి."

మూడు రోజులు కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, మెషిన్ ఎదురుగా ఉన్నట్టు గాల్లో చెయ్యి జరుపుతూ, ఇక్కడ రెండు తియ్యమ్మా, ఇక్కడ అయిదు తియ్యమ్మా అని చెబుతుంటే ప్రత్యూష ఆ అంకెలు టైపు కొట్టింది. నాలుగో రోజు షాఫ్టు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది.

"రేపట్నుంచి వచ్చెయ్ సైదులూ," అన్నారు పానకాలరావు గారు, అతని కళ్ళలోకి చూడకుండా.

"వస్తానండీ."

ప్రత్యూష ల్యాప్‌టాప్ మూయబోతూ ఆగింది. "బాబాయ్ గారూ, పాత అంకెలు ఇంక దేనికీ పనికిరావు. చెరిపేస్తున్నా."

సైదులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. ఆ పాత మెషిన్ ఎక్కడెంత అరిగిందో అందులోనే ఉంది. దాని గురించి మిగిలింది అంతే."

ఆమె అలాగే ల్యాప్‌టాప్ మూసేసింది. ఇప్పుడా ల్యాప్‌టాప్‌లో ప్రతి ప్రోగ్రామూ రెండేసి ఉంది. ఒకటి కొత్త మెషిన్‌ది. రెండోదాన్ని నడపగలిగే మెషిన్ ఎక్కడా లేదు.