మూడో ప్రకటన నాడు లేచిన మనిషి

పొద్దున ఏడున్నరకు మొయినాబాద్ పక్క హిమాయత్‌నగర్ ఊళ్లో అంతయ్య షేర్ ఆటో నిండుతుంది. చేవెళ్ల దాకా ఎనిమిది మంది లేనిదే ఆయన బండి తీసేవాడు కాదు. వరప్రసాద్ పాట వచ్చినప్పటి నుంచి నలుగురు ఎక్కగానే కదులుతున్నాడు. పాట పెడితే మిగతా జాగా దానంతట అదే నిండుతుంది.

వరప్రసాద్ ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజులు మొయినాబాద్‌లో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. దూరమైన తొలిప్రేమ మీద నాలుగు నిమిషాల పాట కట్టి, తనే పాడి యూట్యూబ్‌లో పెట్టాడు. అది విన్నవాళ్ల పక్కన వాళ్ల తొలిప్రేమ వచ్చి కూర్చుంటుంది, పాట కాగానే దిగిపోతుంది. విడిపోయిన నాడు ఏ వయసో ఆ వయసే, ఏ బట్టలో ఆ బట్టలే. ఒకనాడు ఆటోలో శకుంతలమ్మ పక్కన బెల్‌బాటం పిల్లవాడు కూర్చుంటే ఆమె భర్త నర్సింహ, "జర జరుగు పిలగా, ముసల్దానికి మోకాళ్ల నొప్పులు" అన్నాడు. వెనకట ఒక్క పాట కోసం వారమంతా రేడియో ముందు కాచుకునేవాళ్లు. ఇటువంటి పాట ఆ రోజుల్లో వచ్చి ఉంటే ఎన్ని ఇళ్లలో కుర్చీలు చాలకపోయేవో.

చేవెళ్ల దవాఖానలో నర్సు సమతతో వరప్రసాద్‌కు పెళ్లి కుదిరింది. వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు అయ్యగారు పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడగడం ఆచారం. ముప్పై ఏళ్లలో లేచింది నతానియేలు ఒక్కడే, అదీ ఫ్యాన్ వేయమని. వీళ్లకు రెండు ప్రకటనలు అయిపోయాయి.

పాట ఎవరి మీదో సమతకు తెలుసు. ఎంకపల్లి ఊరి పిల్ల ప్రియ. తండ్రి పోయాక, తమ్ముళ్ల చదువులు అయ్యేదాకా తన తోవకు రావద్దన్నదట. ఏడేళ్లయింది. సమత పక్కన కూడా ఇంటర్లో కలిసి చదివిన ఒకడు వచ్చిపోతుంటాడు. పోయినవాళ్లతో పంచాయితీ ఏమిటని ఆమె ఊరుకుంది.

శుక్రవారం సాయంత్రం శుభలేఖలు పంచడానికి ఇద్దరూ ఆటో ఎక్కారు. అంతయ్య పాట పెట్టాడు. వరప్రసాద్ పక్కన ప్రియ కూర్చుంది. ఆమెను చూడటం అదే మొదటిసారి అనుకుంది సమత. కాదు. నిన్ననే వేడి నూనె పడిన చేతితో దవాఖానకు వచ్చిన మనిషి. అజీజ్‌నగర్ ఫాంహౌస్‌లో వంట చేస్తానన్నది. చేతికి సమత కట్టిన కట్టే ఉంది, పక్కకు వేసిన ముడితో సహా.

"చెయ్యి ఎట్లున్నది?" అని అడిగింది సమత.

"సలుపుతున్నదక్కా."

"తడపకు. సోమవారం వచ్చి కట్టు మార్పించుకో."

పాట అయిపోయింది. ప్రియ దిగిపోయింది.

అంతయ్య అద్దంలోంచి చూశాడు. "అందరికి ఎనకటోళ్లొస్తరు. నీకేంది వరప్రసాదూ, ఇయ్యాల్టి మనిషే వస్తున్నది?"

వరప్రసాద్ ఒడిలోని శుభలేఖల అంచులు సరిచేశాడు.

"మళ్ల ఎన్నడన్న పోయి అడిగినవా?" అన్నది సమత.

"రావద్దన్నది గద."

"తమ్ముళ్ల చదువులయ్యేదాక అన్నది. అయినయా?"

"చిన్నోడిది పోయినేడు డిగ్రీ అయిపోయింది."

"నీకెట్ల తెలుసు?"

వరప్రసాద్ రోడ్డు పక్క క్యారెట్ మడుల వైపు చూస్తూ కూర్చున్నాడు. సమత శుభలేఖల కట్టను సంచిలో పెట్టి జిప్పు వేసింది.

ఆదివారం అయ్యగారు మూడోసారి పేర్లు చదివారు. అలవాటుగా అడిగి పుస్తకం మూయబోతుంటే ఆడవాళ్ల వైపు నుంచి సమత లేచింది. తల్లి విమలమ్మ కొంగు పట్టి లాగింది.

"కూసో బిడ్డా, చదివింది నీ పేరే."

"తెలుసమ్మా. అయ్యగారూ, నాకు అభ్యంతరం ఉన్నది."

"నీ పెళ్లికి నువ్వే చెప్తే ఎట్లమ్మా?"

"ఎవరికైనా అన్నరు గద. ఆయన ఒక మనిషిని పోగొట్టుకున్న అనుకుంటున్నడు. పోలేదు. నేను చూసిన, నా చేతితోటే కట్టు కట్టిన."

అయ్యగారు మూయబోయిన పుస్తకం మళ్లీ తెరిచారు. కలం తీసి రెండు పేర్ల మీద గీత గీశారు.

సమత కీబోర్డు వైపు తిరిగింది. "అజీజ్‌నగర్ ఆటో ఆరాధన అయ్యేదాక ఆగదు. లే."

వరప్రసాద్ లేచాడు. బల్లల మధ్య నుంచి తలవంచుకొని మెల్లగా నడిచాడు. గుమ్మం దాటినాక పరుగెత్తిన చప్పుడు లోపలికి వినిపించింది.

చివరి కీర్తనకు వాయించేవాడు లేడు. ఎవరు ఎత్తుకోవాలో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకా నిలబడే ఉన్న సమత తనే ఎత్తుకుంది. శ్రుతి కొంచెం పైకి పోయింది. ఆమె దించలేదు. ఒక్కొక్కరే లేచి ఆ శ్రుతికే వచ్చారు.