తెలియని మాట దగ్గర ఆగిన పిల్ల

దంతాలపల్లి బడిలో పదో తరగతి చదివే రోజుల్లో కల్యాణికి ఇంగ్లీషు పరీక్ష అంటే వణుకు. తండాలో మాట్లాడేది లంబాడీ, బడిలో తెలుగు. ఇంగ్లీషు మాత్రం పుస్తకంలో తప్ప ఎక్కడా కనబడేది కాదు. ప్రీఫైనల్లో పాసేజీ కింద ఇచ్చిన ఐదు ప్రశ్నలకూ ఖాళీ వదిలేసింది.

ఇంగ్లీషు చెప్పే సాంసన్ సార్ ఆ పేపరు పట్టుకుని ఆమెను వరండాలోకి పిలిచాడు.

"ఏంది బిడ్డా, ఒక్క ముక్క రాయలే?"

"రెండో లైన్ల ఒక మాట తెల్వలే సార్. గాడ్నే ఆగిన. గంట కొట్టిండ్రు."

సార్ తిట్టలేదు. "మీ అమ్మ మిర్చి పట్టుకొని కేసముద్రం మార్కెట్‌కు పోతది గద. ఆడ మాట్లాడే తెలుగంత ఆమెకు తెలుస్తదా?"

"అన్ని మాటలు తెల్వయి సార్. కని సమజయితది."

"ఎట్ల?"

"ఎనకా ముందటి మాటలు పట్టుకుంటది."

"మరి నువ్వు గట్లెందుకు చదవవు?"

ఆ రోజు నుంచి బడి విడిచాక అరగంట వరండాలోనే కూర్చోబెట్టుకునేవాడు. ముందు పాసేజీని చేత్తో మూయించి ప్రశ్నలు చదివించేవాడు. ఎవరు అని అడిగారా, ఎందుకు అని అడిగారా చూసి, ఆ మాట కింద గీత గీయాలి. తర్వాత పాసేజీ మొత్తం ఒక్క ఊపున చదవాలి. తెలియని మాటకు సున్నా చుట్టి ముందుకు పోవాలి. రెండోసారి జవాబు కోసం వెతకాలి. "నీకు తెలిసింది రాయకు. ఆడ ఉన్నది రాయి" అనేవాడు.

అసలు పరీక్షలో లైట్‌హౌస్ గురించి ఇచ్చారు. సముద్రం ఎరగని కల్యాణి ఆ మాటకు నాలుగు చోట్ల సున్నాలు చుట్టింది. చీకటి, ఓడలు, రాళ్ళు, పైన దీపం అంటూ చదువుకుంటూ పోతే మూడో పేరా దగ్గర ఆ ఎత్తయిన కట్టడం కళ్ళ ముందు నిలబడింది. ఐదు జవాబులూ రాసింది.

ఆ సాయంత్రం మిర్చి చేనులో తల్లి కమలాబాయికి ఆ సంగతంతా లంబాడీలో చెప్పింది. కమలాబాయి కాయలు తెంపుతూనే విని, "మరి ఆ దీపం రోజూ ఎవలు ముట్టిస్తరు?" అని అడిగింది. ఆ మాట పాసేజీలో లేదు. కల్యాణికీ తట్టలేదు. తల్లీకూతుళ్ళు ఇంటికి పోయేదాకా దాని గురించే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు కల్యాణి తరిగొప్పులలో ఇంగ్లీషు టీచరు. సాంసన్ సార్ రిటైరై జనగామలో ఉంటున్నాడనీ, కంటి ఆపరేషన్ అయిందనీ తెలిసి పోయిన ఆదివారం చూడడానికి వెళ్ళింది. సార్ ఆమె గొంతు విని గుర్తుపట్టాడు.

"వారం నుంచి పేపర్ సదువుడు లేదు బిడ్డా. పానం కొట్టుకుంటున్నది."

కల్యాణి కుర్చీ దగ్గరికి జరుపుకుని ఇంగ్లీషు పేపరు చదవడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఒక వార్త అయిపోగానే, "ఇంకోటి సదువు" అన్నాడు. బస్సు టైము దాటిపోతోందని ఆమెకు తెలుసు. పేజీ తిప్పింది.