ఖుబానీ అవ్వ

శుక్రవారం వచ్చిందంటే సుమలతకి ఇస్త్రీ పని. మొగుడు రత్నాకర్ లుసైల్ ఆఫీసుకి వేసుకెళ్ళే చొక్కాలన్నీ కుప్ప పోసుకుని, మధ్యలో పొయ్యి మీద కూర కలుపుకుంటూ, ఫోన్లో బిల్డింగ్ ఆడవాళ్ళ గ్రూపు చూసుకుంటూ కానిస్తుంది. ఆ శుక్రవారం మాత్రం చొక్కా మీద ఇస్త్రీపెట్టె పెట్టి అలాగే నిలబడిపోయింది. కాలర్ కాలి కంపు కొట్టింది.

"ఏమైందే?" అన్నాడు రత్నాకర్.

"సాయంత్రం హాలోవీన్ బొమ్మలు. అనంతలక్ష్మిగారి ఇంట్ల. పోకుంటే నడ్వది."

"పో మరి. ఎవలొద్దన్నరు?"

"మా అవ్వ వస్తే?"

రత్నాకర్ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేశాడు. "వస్తే మా అవ్వ అని చెప్పు. చెప్తే ఏమైతది?"

ఏమవుతుందో అతనికేం తెలుసు! మగవాళ్ళు డ్యూటీకి పోయి చేతులు దులుపుకుంటారు. నలుగురిలో తలెత్తుకుని తిరగాల్సింది తను కదా.

సంగతేమిటంటే, దోహాలో అల్ సద్‌లోని ఆ బిల్డింగులో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లలు స్కూల్లో విని వచ్చి హాలోవీన్ హాలోవీన్ అని ప్రాణం తీస్తుంటే, తల్లులు ఎండుపండ్లతో బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టారు. ఒంటికి ఎండు అంజీర్, తలకి ఖర్జూరం, రెండింటికీ కలిపి ఒక టూత్‌పిక్. పైప్ క్లీనర్లు వంచితే కాళ్ళూ చేతులూ. నల్ల గుడ్డ ముక్క చుట్టి అతికిస్తే మంత్రగత్తె టోపీ. ఆఖర్న ప్లాస్టిక్ కళ్ళు అతికిస్తారు. కళ్ళు పడగానే, చేసినవాళ్ళ ఇంట్లో పోయిన పెద్దలెవరో ఒకరు ఆ బొమ్మలోకొచ్చి కూర్చుంటారు. "ఈవిడ మా మేనత్త", "ఈయన మా తాతగారు" అని నలుగురికీ చెప్పుకుంటే చాలు, మళ్ళీ ఏడాది దాకా ఇంట్లోనే ఉంటారు. ఎవరూ మావాళ్ళని చెప్పుకోకపోతే మాత్రం టీలు తాగడం అయ్యేలోపు ఉత్త ఎండుపండైపోతారు. ఎవరు చెప్పుకుంటే వాళ్ళే వాళ్ళకి సొంతం, మిగతావాళ్ళు ఎవరో ఏమిటో అప్పట్నుంచి వాళ్ళకి గుర్తుండదు.

రెండేళ్ళుగా సుమలత ఆ బొమ్మల దగ్గరికి వెళ్ళలేదు. ఒకసారి జ్వరమంది, ఒకసారి ముషైరిబ్‌లో పనుందంది. ఈసారి కుదరదు. అనంతలక్ష్మిగారు నడిపే నర్సరీలో టీచర్ ఉద్యోగం ఖాళీ అయింది. దానికోసం సుమలత ఎంత ఎదురుచూసిందో! "నీకివ్వక ఎవరికిస్తానమ్మా, టీచరుగారి అమ్మాయివి, నీకు చదువు చెప్పడం రక్తంలోనే ఉంటుంది," అందావిడ. బొమ్మల రోజు రమ్మని, అక్కడే మాట ఖాయం చేసుకుందామని కూడా అంది.

టీచరుగారి అమ్మాయి! అక్కడే వచ్చింది తంటా. దోహాలో దిగిన కొత్తలో పై ఫ్లాట్ శ్రీలేఖ "మీ మదర్ ఏం చేసేవారండీ?" అని అడిగింది. హైదరాబాద్‌లో టీచరని సుమలత నోట్లోంచి వచ్చేసింది. వాళ్ళమ్మ సాయవ్వ జగిత్యాల దగ్గర పల్లెలో బీడీలు చేసేది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, పొద్దంతా దగ్గు. ఆ చేతుల మీదే సుమలత బీఎస్సీ అయింది. చనిపోయి మూడేళ్ళు. అవ్వ గుర్తొస్తే సుమలతకి ఏడుపొస్తుంది, ఎవరైనా అవ్వ గురించి అడుగుతారేమోనంటే సిగ్గేస్తుంది. ఆ సిగ్గుకి మళ్ళీ సిగ్గు.

సాయంత్రం ఒక ఉపాయం చేసింది. సూక్ వాఖిఫ్ బజారుకి వెళ్ళి నల్ల అంజీర్ ముట్టుకోకుండా, పసుపచ్చగా నిగనిగలాడే ఖుబానీ పండ్లు, అవే ఎండు ఆప్రికాట్లు, ఏరి ఏరి కొంది. పండు తెల్లగా ఉంటే తెల్లటివాళ్ళే వస్తారని ఆమె లెక్క. పోయిన రత్నాకర్ పెద్దమ్మ ఒకావిడ నిజంగానే హెడ్మాస్టరమ్మ, పచ్చటి మనిషి. ఆవిడ వస్తే గండం గడిచినట్టే. దారంతా మనసులో ఆవిడకి దండాలు పెట్టుకుంటూ వెళ్ళింది.

అనంతలక్ష్మిగారి హాలు అప్పటికే కళకళలాడుతోంది. ఆవిడ బొమ్మలోకి ఎప్పట్లాగే తహసీల్దారు తాతగారు వచ్చి, ఫిల్టర్ కాఫీ నీళ్ళలా ఉందని విసుక్కుంటున్నారు. శ్రీలేఖ చేసిన ఖర్జూరంలోంచి వాళ్ళ నాయనమ్మ "రెండోది ఎప్పుడే?" అని వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పోరు. మూలన ఫక్రున్నీసా కూర్చుంది. నిజామాబాదు మనిషి, క్లినిక్‌లో రిసెప్షనిస్టు, యాభై దాటాయి. పసిగుడ్డప్పుడే ఎవరో యతీంఖానాలో, అదే అనాథాశ్రమంలో, వదిలిపెట్టి పోయారట. తనవాళ్ళెవరో ఆమెకి తెలియదు, ఆమె ఎవరో వాళ్ళకీ తెలియదు కాబోలు, ఏటా బొమ్మ చేస్తుంది, ఏటా అది పండుగానే ఉండిపోతుంది. ఈసారీ అంతే. నవ్వుకుంటూ దానికి టోపీ సర్దుతోంది.

సుమలత ఖుబానీ పండుకి లేసు గుడ్డ చుట్టింది, జరీ కాగితం కొంగు వేసింది. ఆఖర్న కళ్ళు అతికించింది.

పసుపచ్చటి పండు చూస్తుండగానే నల్లబడింది. నొసట పచ్చబొట్టు తేలింది. బొమ్మ రెండుసార్లు దగ్గి, జరీ కొంగు తీసి పక్కన పడేసింది. హాలోవీన్ గుమ్మడికాయ బొమ్మలకి ఆకుల కోసం తెచ్చిన ఆకుపచ్చ కాగితం ముందుకు లాక్కుని, చకచకా కత్తిరించి, చుట్టి, నారింజరంగు దారం కట్టసాగింది. హాలంతా తంబాకు వాసన.

"అబ్బో, ఎంత పనిమంతురాలో! ఎవరమ్మా సుమలతా ఈ పెద్దావిడ?" అంది అనంతలక్ష్మి.

సుమలత పక్కన పడ్డ జరీ కొంగు తీసి మడతపెట్టసాగింది. చెవులు కాలిపోతున్నాయి. అందరూ తననే చూస్తున్నారు. సాయవ్వ కూడా తలెత్తి చూసింది. బిడ్డ మొహం చూసింది. ఆ మొహంలో ఏముందో తల్లికి చెప్పాలా?

"గీ బిడ్డెవలో నాకెర్క లేదమ్మా. తొవ్వ తప్పి వచ్చిన," అంది సాయవ్వ. మళ్ళీ వంగి పనిలో పడింది.

"అయ్యో పాపం. అలా వస్తూనే ఉంటారు లెండి. నిరుడు నా బొమ్మలోకి ఎవరో తమిళ తాతగారు వచ్చి కూర్చోలేదూ?" అంది శ్రీలేఖ.

"అవునండీ," అంది సుమలత. "ఎవరో."

ఆ మాట అన్నాక ఆమెకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. టీలు వచ్చాయి. అనంతలక్ష్మిగారు పక్కనే కూర్చుని, ఆదివారం నుంచే నర్సరీకి వచ్చెయ్యమంది. "థాంక్సండీ," అంది సుమలత, కళ్ళు మాత్రం బల్ల మీదే. సాయవ్వ కాళ్ళు బిగుసుకుపోయి ఉత్త పైప్ క్లీనర్లయ్యాయి. ఆ తర్వాత నడుము. చేతులు మాత్రం ఇంకా చుడుతూనే ఉన్నాయి. మా అవ్వ అంటే అయిపోయేదానికి, సుమలత టీ కప్పులో చక్కెర కలుపుతూ కూర్చుంది. ఇప్పుడంటే ఇందాకటి అబద్ధమూ బయటపడుతుంది. చీ, ఏం మనిషిని నేను, అనుకుంది. అనుకుని కూడా అనలేదు.

ఒక చెయ్యి ఆగిపోయింది.

"నాకియ్యండి," అంటూ ఫక్రున్నీసా లేచి వచ్చింది. బొమ్మని రెండు చేతుల్లోకి తీసుకుని, అందరికీ వినబడేలా, "ఈమె మా అమ్మీ," అంది.

ఆగిన చెయ్యి కదిలింది. సాయవ్వ తలెత్తి ఫక్రున్నీసాని చూసి, "ఎంత చిక్కిపోయినవే బిడ్డా," అంది. ఫక్రున్నీసా అక్కడే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. అందరూ సంతోషపడి చప్పట్లు కొట్టారు. సుమలత కూడా కొట్టింది.

వారం పాటు ఆమెకి తిండి సయించలేదు. నర్సరీలో పిల్లలు "టీచర్, టీచర్" అని పైట పట్టుకు లాగుతుంటే, ఎవరో తన దొంగతనం కనిపెట్టి పిలుస్తున్నట్టు ఉలిక్కిపడేది. తర్వాతి శుక్రవారం ఇస్త్రీ వదిలేసి, మెట్లు దిగి, ఫక్రున్నీసా తలుపు కొట్టింది.

"ఆపా, ఆమె మా అవ్వ," అంది గుమ్మంలోనే.

"ఎర్కే బేటీ. నువ్వు చెప్తవేమోనని ఆఖరిదాంక చూసిన. చెయ్యి ఆగిపోయినంక ఇగ చూడబుద్ధి గాలె." ఫక్రున్నీసా తలుపు పూర్తిగా తీసి పక్కకి జరిగింది. "అడుగు. వస్తనంటే తీస్కపో. నేనాప."

కిటికీ దగ్గర ఎండలో సాయవ్వ ఒళ్ళో డబ్బా మూత పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఎవరో ఆమెకి చిన్న శాలువా కుట్టి కప్పారు. మొహం తేటగా ఉంది, దగ్గు లేదు.

"అవ్వా, నేను సుమను."

"మంచిగున్నది పేరు. ఫక్రూ, నీ దోస్తా? కూసో బిడ్డా, గట్ల నిలవడ్డవేంది?"

సుమలత కూర్చుంది.

"మీ అవ్వ ఏం పని జేస్తది?" అని అడిగింది సాయవ్వ, కాగితం మడతపెడుతూ.

"బీడీలు చేసేది," అంది సుమలత. "సాయవ్వ అంటరు. బీడీలు చేసి నన్ను సదివిచ్చింది. ఇప్పుడు లేదు."

"గట్లనా! నా లెక్కనే," అంది సాయవ్వ సంబరంగా. "నాకు గూడ ఒక్కతే బిడ్డ. గిదే," అని ఫక్రున్నీసా వేలు పట్టుకుంది.

ఫక్రున్నీసా మొహం పక్కకి తిప్పుకుంది. సుమలత కళ్ళు తుడుచుకుని, ఏం చెయ్యాలో తోచక మూతలోంచి ఒక కాగితపు ఆకు తీసుకుని కత్తెర పట్టుకోబోయింది.

"వద్దు బిడ్డా, సదువుకున్నదానివి, నీకెందుకీ పని?" అంటూ సాయవ్వ ఆమె చేతిలోంచి ఆకు మెల్లగా తీసేసుకుంది.