పదకొండు బండ్ల తేడా

బొటనవేలితో నొక్కినప్పుడల్లా ఐలయ్య చేతిలోని బండ్ల లెక్క కౌంటర్ టిక్కుమంటోంది. గచ్చిబౌలి సర్వీసు రోడ్డు పక్కన, నల్ల గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎదుట తారులో నలుచదరంగా కోసి పూడ్చిన గీత. దాని కింద తీగచుట్ట ఉంది. పైనుంచి బండి పోతే పసిగట్టి కంట్రోల్ రూముకు అంకె పంపుతుంది. ముందున్న సిగ్నల్ ఎంతసేపు పచ్చగా ఉండాలో ఆ అంకెలను బట్టే నిర్ణయిస్తారు. తీగ సరిగ్గా లెక్కపెడుతోందో లేదో చూడటానికి ఐలయ్యను పెట్టారు. మూడు రోజుల పరీక్షలో ఇది ఆఖరి రోజు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎండకు కమిలిన మెడ, నూనె రాసి వెనక్కి దువ్విన నెరిసిన జుట్టు, బొటనవేలి మీద బఠాణీ గింజంత కాయ. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఈ అద్దాల మేడల చోట బండరాళ్లున్న రోజుల్లోనూ ఇక్కడ కూర్చున్నాడు. ఆయన నింపే ఫారంలో ఎడ్లబండ్ల గడి ఇప్పటికీ ఉంది. ప్రతి పావుగంటకూ అందులో శ్రద్ధగా సున్నా చుడతాడు. ఖాళీగా వదిలేస్తే చూడలేదనుకుంటారని భయం. పని ముగిశాక కౌంటర్‌నూ సున్నాకు తిప్పి, జేబులో వేసుకున్నాకే కుర్చీలోంచి లేస్తాడు.

లెక్క ఆయనను ఇంట్లోనూ వదల్లేదు. మియాపూర్‌లో ఆయన గదికి మెట్లు ఇరవై రెండు. భార్య పోయినప్పుడు వెంట నడిచినవాళ్లు అరవై మూడు మంది. ఏడుస్తూనే లెక్కపెట్టాడు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తొమ్మిదిన్నర దాటింది. ఆఫీసు బస్సులు, క్యాబులు, వాటి సందుల్లో బైకులు. ఉన్నట్టుండి ఎడమ భుజం నుంచి దవడ దాకా నొప్పి పాకింది. చొక్కా చెమటతో తడిసిపోయింది. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. వేలు మాత్రం ఆగలేదు. బస్సు బరువుగా పోయింది, టిక్. రెండు బైకులు జోడుగా పోయాయి, టిక్ టిక్. కళ్లు తెరిచేసరికి ఎంతసేపైందో తెలియలేదు. నీళ్లు తాగి, తొమ్మిదీ ముప్పావు కాగానే అంకె రాశాడు.

ఒంటిగంటకు ఇంజనీరు నీహారిక ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. విజయవాడ పిల్ల, నెమ్మదస్తురాలు. పక్క కుర్చీలో కూర్చుని రెండు లెక్కలూ సరిచూసింది.

"అన్నిచోట్లా ఒకటీ రెండే తేడా అండి. తొమ్మిదిన్నర నుంచి ముప్పావు దాకా మాత్రం తీగ కన్నా మీకు పదకొండు ఎక్కువొచ్చాయి."

ఐలయ్య ఫారంలో తను రాసిన ఆ అంకె వైపు చూశాడు. ఊరుకుంటే తప్పు తీగ మీదికి పోతుంది, ఎవరూ అడగరు. కానీ చూడని బండిని ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ రాయలేదు. చెప్పుకోవడానికి ఆయనకున్నది ఆ ఒక్క మాటే.

"మేడం, గప్పుడు నేను జరసేపు చూడలే. నొప్పొచ్చి కండ్లు మూసిన. చప్పుడు విని నొక్కిన. గా లెక్క కొట్టెయ్యుండ్రి."

"నొప్పేంటండి? ముందు ఆసుపత్రికి పదండి. కారు పిలుస్తున్నాను."

"ఫికర్ చెయ్యకుండ్రి, తగ్గింది. లెక్క తేలినంక దవాఖానకు పోత."

ఆమె వినలేదు, కారు బుక్ చేసింది. రావడానికి పది నిమిషాలు పడుతుందట. ఆలోగా స్తంభం మీది కెమెరా వీడియోలో ఆ పావుగంట తెరిచి, ఆయన కళ్లు మూసుకున్న చోటు వెతికింది. అక్కడ వీడియోను నెమ్మదిగా నడిపి బండ్లు లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది. పదకొండు చోట్ల బైకులు జోడుగా పోయాయి. తీగకు ఆ రెండూ ఒకటే. ఐలయ్య చెవికి రెండూ వేర్వేరుగా వినిపించాయి.

"మీ లెక్కే సరైందండి, ఐలయ్య గారూ. ఒక్కటి కూడా తప్పు పోలేదు."

ఐలయ్య గొడుగు కర్రకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. వింటున్నాడనుకుని ఆమె ఆ మాట మళ్లీ చెప్పింది. తర్వాత భుజం మీద చెయ్యి వేసింది. తల పక్కకు వాలిపోయింది.

ఆ మాట ఆయన విన్నాడో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

అంబులెన్స్ వెళ్లిపోయాక నీహారిక ఫారం తీసి, ఆ పావుగంటకు ఆయన రాసిన అంకె పక్కన సంతకం చేసింది. కుర్చీ కింద కౌంటర్ కనిపించింది. వంగి తీసుకుంది. దాన్ని సున్నాకు తిప్పడానికి ఆమెకు చేతులు రాలేదు. ఆమె అరచేతిలో నాలుగు వేల నూట ముప్పై ఎనిమిది దగ్గరే ఆగి ఉంది ఆ కౌంటర్.