బాలప్పకే చెప్పాలి

పాలిష్ మిషన్ కింద నాపబండను జరుపుతూ, బాలప్ప అరచేత్తో దాని నునుపు చూసుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. కనుబొమల నిండా తెల్లటి బండపొడి. పుట్టుచెవుడు, మాట రాదు. అయితేనేం? తాండూరులోని ఆ యూనిట్‌లో మిషన్ల మోతకు ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఇరవై ఏళ్లుగా అందరూ బాలప్ప సైగలతోనే నెట్టుకొస్తున్నారు. అక్కడ అతనే పంతులు.

మధ్యాహ్నం మళ్లీ దగ్గు తెర. తమ్ముడు కుమారస్వామి వచ్చి, వికారాబాదులో ఛాతీ డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాడు. పోయినసారి తమ్ముడు ‘ఏం లేదు’ అని చెయ్యి ఊపి సరిపెట్టాడు. అందుకే ఈసారి బాలప్ప పట్టుబట్టి, పక్క మిషన్ సంతోషమ్మను వెంట తీసుకెళ్లాడు.

డాక్టరు ఎక్స్‌రే చూసి తమ్ముడితోనే అయిదు నిమిషాలు మాట్లాడాడు. రోగి అక్కడే ఉన్నాడన్న ధ్యాసే లేదు మహానుభావుడికి! కుమారస్వామి అన్న కళ్లలోకి చూడకుండా మళ్లీ చెయ్యి ఊపాడు. బాలప్ప బల్ల మీద ఫెడీమని చరిచాడు. తన గుండె మీద వేలు పెట్టుకుని, సంతోషమ్మను చూపించాడు.

“వద్దక్కా! తెలిస్తే మా అన్న బేజారైతడు,” అన్నాడు కుమారస్వామి.

“ఊపిరి నీదా, గాయనదా? సారూ, గాయన మొకం జూసి చెప్పుండ్రి. నేను చేతులతోని చెప్త,” అంది సంతోషమ్మ.

బయట జనం ఉన్నారని డాక్టరు విసుక్కున్నాడు. బాలప్ప కుర్చీలోంచి కదిలితే ఒట్టు! చివరికి డాక్టరే ఇటు తిరిగాడు. బండపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంది, ఇక పోదు, మహా అయితే ఏడాది అన్నాడు.

సంతోషమ్మ వేళ్లతో పొడి నలిపినట్టు చేసి, ఛాతీ మీద అదిమి, ఒక వేలు చూపించింది. బాలప్ప దానికేసే చాలాసేపు చూశాడు. కళ్లనిండా నీళ్లొచ్చాయి, తుడుచుకోలేదు. ఓపీ చీటీ డాక్టరు ముందుకు తోసి, రాయమని సైగ చేశాడు.

“నా సంగతి నాకే చెప్పాలె అని రాయమంటుండు. పెద్దగ రాయుండ్రి,” అంది సంతోషమ్మ.

డాక్టరు రాశాడు. ఆ తర్వాత ప్రతిసారీ బాలప్ప ఆ చీటీ ముందు పెట్టాకే చొక్కా విప్పేవాడు. డాక్టరు కూడా నాలుగు సైగలు నేర్చుకోక తప్పలేదు.

తొలకరికి ముందు బాలప్ప ఇంట్లోనే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

చివరిసారి వెళ్లినప్పుడు బాలప్ప డాక్టరు బల్ల మీద పరిచిన అద్దం ఎత్తి, దాని కిందికి తనే తోసిన చీటీ ఇంకా అక్కడే ఉంది, అక్షరాలు డాక్టరు వైపుకు తిరిగి.